మా వీధిలో పిల్ల

ఆ ఆదివారం ఉదయం కౌముది వేసుకున్న పథకం చాలా చిన్నది. తాతయ్య వేంకటసుబ్రహ్మణ్యం గారు పాత శిష్యుడి కారులో చేబ్రోలు గుడికి వెళతారు. కారు వీధి మలుపు తిరగగానే తను స్టేషనుకు వెళ్లి రేపల్లె రైలెక్కుతుంది. అక్కడి కళాపరిషత్తువారి ఏకపాత్రాభినయం పోటీల్లో మధ్యాహ్నం మూడింటికి తన ఇరవై నిమిషాల ప్రదర్శన ఇచ్చి, దీపాలు పెట్టే వేళకు తెనాలి వచ్చేస్తుంది. ఎవరు ఎక్కడికి వెళ్లొచ్చారని ఎవరూ ఎవరినీ అడగరు.

ఇంత దాపరికం ఎందుకంటే, ఆ ప్రదర్శన కౌముది గురించే. ఆమె తండ్రి తెస్ఫాయే ఇథియోపియా నుంచి వ్యవసాయం చదవడానికి బాపట్ల వచ్చినవాడు. తల్లి రమణి, తెనాలిలో పేరున్న తెలుగు మాస్టారి కూతురు, బాపట్లలో ఉద్యోగం చేస్తూ అతన్ని రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకుంది. కౌముదికి మూడేళ్లప్పుడు తెస్ఫాయే పచ్చకామెర్లతో పోయాడు. రమణి పిల్లను చంకనేసుకుని వచ్చి పుట్టింటి గుమ్మంలో నిలబడితే వేంకటసుబ్రహ్మణ్యం గారు పక్కకు జరిగి దారిచ్చారు. పిల్లకు తండ్రి ఒంటి రంగూ, తండ్రి రింగుల జుట్టూ వచ్చాయి. వెన్నెల అని అర్థం వచ్చే ఆ పేరు కూడా తండ్రి నిఘంటువు వెతికి పెట్టుకున్నదే.

ఇంట్లో తాతయ్య ఆమెకు అక్షరాలు దిద్దించారు. పద్యాలు నేర్పారు. శకారానికీ షకారానికీ తేడా పలికేదాకా కంచం ముందు కూర్చోనివ్వలేదు. జ్వరమొస్తే తెల్లవార్లూ పక్కన కూర్చున్నారు. అయితే ఆ ప్రేమంతా గుమ్మం లోపలే. 'నా మనవరాలు' అన్న మాట వీధి అరుగు మీద ఆయన నోట ఒక్కరూ వినలేదు.

ఇప్పుడు కౌముదికి ఇరవయ్యేడేళ్లు. కళ్లద్దాల దుకాణంలో వచ్చినవాళ్ల కళ్లు పరీక్షించే ఉద్యోగం. కిందటేడు తన చిన్నతనమంతా ఏకపాత్రగా రాసుకుంది. మొదట బాపట్లలో ఒక చిన్న హాల్లో యాభై మంది ముందు వేసింది. అంతకుముందే రాతప్రతి చదివిన రమణి ఒక్కటే అడిగింది.

"అంతా ఉంచుకో. అరుగు మీద తాతయ్య అన్న ఆ ఒక్క మాట మాత్రం మార్చవే. ఎనభై మూడేళ్లాయన. ఆయన వినకపోయినా సరే, ఊళ్లవెంట చెప్పొద్దు."

కౌముది ఆ మాట మార్చి, దాని స్థానంలో కాస్త మెత్తనిది పెట్టింది.

రైలు వేమూరు దాటుతుండగా ఫోను మోగింది.

"అమ్మలూ, ఎక్కడున్నావే?" రమణి గొంతు ఆయాసపడుతోంది.

"వేమూరు దాటాను. ఏంటమ్మా?"

"తాతయ్య చేబ్రోలు వెళ్లలేదే. రేపల్లె వస్తున్నారు."

"నన్ను చూడ్డానికా?"

"నీకు మార్కులెయ్యడానికి! అక్కడ జడ్జిగా రావాల్సినాయనకి పొద్దున్నుంచీ విరేచనాలట. ఎవరో చెబితే మన మాస్టారికి ఫోన్ చేశారు. పద్యం విని ఎన్నాళ్లయిందోనని ఈయన మహా సంబరపడిపోయి కారు అటు తిప్పించారు. నువ్వు పోటీలో ఉన్నావని ఆయనకి తెలీదు."

"నువ్వు చెప్పొచ్చుగా!"

"కారులోంచి ఫోన్ చేసి, నేను చెప్పేలోపే పెట్టేశారే!"

తిరుగు రైలు ఎక్కేద్దామా అనుకుంటూ కౌముది రేపల్లెలో దిగింది. దిగగానే మెడలో దండ పడింది. ఎదురుగా ఫ్లెక్సీ. 'ఆఫ్రికా ఖండం నుండి రేపల్లె విచ్చేసిన ప్రఖ్యాత కళాకారిణి కుమారి కౌముదికి ఘన స్వాగతం.' దరఖాస్తులో ఇతివృత్తం అన్నచోట ఆమె 'ఆఫ్రికా తండ్రికి, తెనాలి తల్లికి పుట్టిన పిల్ల ఎదుగుదల' అని రాసింది. ఫ్లెక్సీ వేసినతను పొడుగైందని సగం కోసేశాడు. మిగిలిన సగానికి ఖండాన్ని జతచేసినవాడు పరిషత్తు కార్యదర్శి కోటేశ్వరరావు.

ఆయన ఎరువుల దుకాణం మూసేసి మరీ వచ్చాడు. "వెల్కమ్ మేడమ్! జర్నీ గుడ్?" అన్నాడు వంగి.

"బాగానే జరిగిందండి. తెనాలేగా, గంట ప్రయాణం."

కోటేశ్వరరావు వెనక్కి తిరిగి జనంతో అన్నాడు. "చూశారా! ఎంత స్పష్టంగా నేర్చుకున్నారో!"

"నేర్చుకోలేదండి. మాది తెనాలే."

"మన ఊళ్ల మీద ఎంత ప్రేమండీ మీకు!"

పెనుమూడి నుంచి కూడా ఆటోల్లో జనం దిగారు. ఆడవాళ్లు ఆమెతో సెల్ఫీలు తీసుకున్నారు. ఒక పెద్దావిడ ఆమె జుట్టు పట్టుకుని చూసి, "మెత్తగానే ఉందే!" అని పక్కావిడకు చెప్పింది. ఫలహారానికి బ్రెడ్డూ, కారం వెయ్యని ఆమ్లెట్టూ పెట్టారు.

"గుడ్డు తిననండి. పెసరట్టు దొరుకుతుందా?" అని అడిగింది కౌముది.

"పెసరట్టు కూడా తెలుసు!" అన్నాడు కోటేశ్వరరావు, పొంగిపోయి. ఆ పొంగులో పెసరట్టు తెప్పించడం మరిచిపోయాడు. ఆమె బ్రెడ్డు ముక్కలు నీళ్లతో మింగింది. తను తెనాలి పిల్లనని మొత్తం పదకొండు మందికి చెప్పింది. పదకొండు మందీ ఆమె ఉచ్చారణను మెచ్చుకున్నారు.

గ్రీన్ రూములో మేకప్ మనిషి ఆదాము ఆమెను అద్దం ముందు కూర్చోబెట్టి, ముఖాన కొంచెం పౌడరు అద్దాడు. "ఇంతకంటే అక్కర్లేదమ్మా. నీ కళ్లే చాలు," అన్నాడు. ఆ రోజు ఆమెను మామూలు మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది ఆయనొక్కడే. ఆ నెమ్మది ఎంతోసేపు నిలవలేదు. బసవేశ్వరరావు వచ్చాడు.

బసవేశ్వరరావు పౌరాణిక పద్యాల్లో పేరుమోసిన నటుడు. వరసగా ఆరేళ్లు అక్కడ మొదటి బహుమతి ఆయనదే. రాజు వేషంలో కిరీటంతో సహా వచ్చి, రూలు పుస్తకం కోటేశ్వరరావు ముఖం ముందు ఆడించాడు.

"విదేశీయులకు ప్రవేశం లేదని రాసుంది. చదువుకోండి!"

కోటేశ్వరరావు కంగారుపడి కౌముది ఆధార్ కార్డు అడిగి తీసుకున్నాడు. అందులో తెనాలి చిరునామా ఉంది. మొదటిసారిగా ఆయన ఆమె చెప్పింది విన్నాడు. "ఈ అమ్మాయి మనమ్మాయేనండి! తెనాలేనండి!"

బసవేశ్వరరావు కార్డు చూశాడు. అందులో ఫోటో ఒక నల్లటి మచ్చలా ఉంది. ఆ ఫోటోలో ఆయనైనా అలాగే ఉండేవాడు.

"తెనాలి పిల్లయితే ఈ నలుపెక్కడిది? ఒళ్లంతా రంగు పూసుకొచ్చి ఆఫ్రికా అని జనాన్ని పోగేశారన్నమాట! ఇది మోసం. కొబ్బరినూనె తెప్పించండి. తుడిచి చూద్దాం."

ఆదాము అడ్డంగా నిలబడ్డాడు. "నలభై ఏళ్లుగా ఈ పని చేస్తున్నానండి. రంగేదో ఒళ్లేదో నాకు తెలీదా? నేను తుడవను."

"తుడవకపోతే మా వాళ్లెవరూ స్టేజీ ఎక్కరు," అన్నాడు బసవేశ్వరరావు.

కౌముది లేచి, ఆదాము పెట్టెలోంచి దూది తీసి నూనెలో ముంచింది. పదేళ్ల వయసులో తెల్లబడాలని తనే శనగపిండితో మంట పుట్టేదాకా రుద్దుకున్న చెంప అది. అందరూ చూస్తుండగా ఆ చెంపనే నెమ్మదిగా తుడిచి దూది చూపించింది. దూదికి ఏదో అంటింది.

"అదిగో రంగు!" అన్నాడు బసవేశ్వరరావు.

"అది పౌడరండి," అన్నాడు ఆదాము. "ఊడొచ్చింది తెలుపు. నలుపు ఎక్కడిదక్కడే ఉంది."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. సరిగ్గా అప్పుడే న్యాయనిర్ణేతను పరిచయం చేద్దామని ఎవరో వేంకటసుబ్రహ్మణ్యం గారిని ఆ గదిలోకి తీసుకొచ్చారు. ఆయన చూసినది ఇది: ఒక రాజు, ఒక నూనె సీసా, చెంప నిగనిగలాడుతూ చేతిలో దూదితో తన మనవరాలు.

కోటేశ్వరరావుకు ప్రాణం లేచొచ్చింది. "మాస్టారూ, సమయానికి వచ్చారు! ఈ అమ్మాయిది మీ తెనాలేనటండి. వీళ్లు నమ్మట్లేదు. మీరెరుగుదురా?"

వేంకటసుబ్రహ్మణ్యం గారు కండువా సర్దుకున్నారు. ఒకసారి సర్దుకున్నదాన్నే మళ్లీ సర్దుకున్నారు.

"ఎరుగుదును."

"ఎవరమ్మాయండీ?"

ఆయన పెదవులు కదిలాయి. గదిలో పదిహేను మంది ఉన్నారు. అందరూ ఆయన వైపే చూస్తున్నారు.

"మా వీధిలోనే ఉంటుంది," అన్నారు.

అందులో అబద్ధమేమీ లేదు. బసవేశ్వరరావు రూలు పుస్తకం మూసేశాడు. కౌముది దూది పక్కన పెట్టి చేతులు జోడించింది.

"నమస్కారం మాస్టారూ," అంది.

తాతయ్యను ఆమె ఆ పిలుపుతో పిలవడం అదే మొదటిసారి. ఆయన తల దించుకుని బయటికి నడిచారు.

మూడు గంటలకు తెర లేచింది. హాలు నిండిపోయి జనం కిటికీల దగ్గర నిలబడ్డారు. కౌముది తెల్ల చీర కట్టుకుని, చేతిలో ఏమీ లేకుండా వచ్చింది. స్కూల్లో పిల్లలు తన పక్కన కూర్చోవడానికి వేసుకున్న వంతులు చెప్పింది. హాలు నవ్వింది. తండ్రి ముఖం గుర్తులేక, ఫోటోలో చూసిన ముఖాన్నే గుర్తున్నట్టు అందరికీ చెప్పుకున్న సంగతి చెప్పింది. బస్సులో పక్క సీటామె "ఏ దేశం మీది?" అని అడిగితే, "మీది ఏ దేశమండీ?" అని ఎదురడగాలని పదిహేనేళ్లుగా అనుకుంటూ ఒక్కసారీ అడగలేకపోయిన సంగతి చెప్పింది. నవ్వుతున్నవాళ్లు మధ్యలో ఆగి గొంతు సవరించుకుంటున్నారు. మొదటి వరసలో వేంకటసుబ్రహ్మణ్యం గారి ముందు మార్కుల కాగితం ఖాళీగా ఉంది.

అరుగు ఘట్టం వచ్చింది. కౌముది ఒక క్షణం ఆగింది. ఆ భాగం వదిలేద్దామా అనుకుంది. కాని నోరు దాని అలవాటున అది సాగిపోయింది.

"నాకప్పుడు ఆరేళ్లు. పలక చూపిద్దామని తాతయ్య దగ్గరికి పరిగెత్తాను. అరుగు నిండా పెద్దమనుషులు. ఒకాయన అడిగాడు, 'ఎవరండీ ఈ పిల్ల?' అని. తాతయ్య చెప్పారు, 'మా అమ్మాయి పెంచుకుంటోంది' అని."

మొదటి వరసలో కుర్చీ కిర్రుమంది.

"అలా అనలేదు."

వేంకటసుబ్రహ్మణ్యం గారు లేచి నిలబడి ఉన్నారు. రెండు చేతులతో బల్ల పట్టుకున్నారు.

"అలా అన్నా బాగుండేది. నేనలా అనలేదు. 'మా పనిమనిషి రంగమ్మ మనవరాలు' అన్నాను."

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ప్రేక్షకుల్లో మనిషిని కూర్చోబెట్టి మాట్లాడించడం రేపల్లెలో ఎవరూ చూడని కొత్త పద్ధతి. "ఏమన్నాడాయన? వినపడలా! గట్టిగా చెప్పండి మాస్టారూ!" అని వెనక నుంచి కేకలు వచ్చాయి. ఇదంతా నాటకంలోదేననుకున్న కోటేశ్వరరావు పరుగున వచ్చి ఆయన చేతిలో మైకు పెట్టి పోయాడు.

కౌముదికి రాసుకున్నదంతా మాయమైంది. స్టేజీ అంచుకు వచ్చింది.

"రంగమ్మ మామ్మ అది నిజంగానే తీసుకుంది తాతయ్యా. ఆ దసరాకి నాకు గాజులు కొని తెచ్చింది. నేనూ నిజమే అనుకున్నాను. నాకు రెండిళ్లున్నాయని స్కూల్లో గొప్పలు చెప్పాను." జనం నవ్వారు. ఆమె ఆగింది. "వాళ్ల వీధిలో ఎవరైనా అడిగితే రంగమ్మ మామ్మ ఏమనేదో తెలుసా? 'నా మనవరాలే' అనేది. ఒక్కసారీ తడుముకోలేదు."

ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

"తెలుసు," అన్నారు వేంకటసుబ్రహ్మణ్యం గారు. "ఆ గాజులు చూసి, ఎవరిచ్చారని అడిగాను. చెప్పావు. లోపలికెళ్లి తలుపేసుకున్నాను. ఇరవయ్యొక్కేళ్లు గడిచినా ఇందాక మేకప్ గదిలో మళ్లీ అలాగే తప్పించుకున్నాను." ఊపిరి తీసుకున్నారు. "ఈ పిల్ల నా మనవరాలు. మా రమణి కూతురు."

"వినపడలా!" అన్నారు వెనకాల.

"ఈ పిల్ల నా మనవరాలు," అన్నారు గట్టిగా.

"మైకు ఆన్ చెయ్యలేదండీ మాస్టారూ!" అంటూ కోటేశ్వరరావు మళ్లీ పరిగెత్తుకొచ్చి మీట నొక్కాడు. మైకు కీచుమంది. జీవితంలో ఒక్కసారీ అనని మాటను వేంకటసుబ్రహ్మణ్యం గారు నిమిషంలో మూడోసారి అన్నారు. అది హాలు బయట కట్టిన స్పీకర్లలోంచి రోడ్డు దాకా వినిపించింది.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కౌముదికి ఆయన దగ్గరికి పరిగెత్తాలనిపించలేదు. ఎక్కడైనా కూర్చోవాలనిపించింది. నమస్కారం పెట్టి, స్టేజీ పక్క మెట్ల మీద కూర్చుని, ఒళ్లో చేతులు పెట్టుకుని ఏడ్చింది. ఆదాము వచ్చి దూది ఇచ్చాడు. ఈసారి నూనె లేకుండా.

అరగంట తర్వాత బసవేశ్వరరావు కిరీటం చంకలో పెట్టుకుని మిగతా ఇద్దరు న్యాయనిర్ణేతల దగ్గరికి వెళ్లాడు. కాటుక చెంపల మీదికి కారి ఉంది.

"ఏడిపించారండి, ఒప్పుకుంటాను. నూనె సంగతికి ఆ అమ్మాయిని క్షమాపణ కూడా అడిగాను. కానీ ఇది ఏకపాత్ర ఎలా అవుతుందండీ? పాత్రలు రెండున్నాయిగా!"

వాళ్లు రూలు పుస్తకం చూశారు. రెండో మనిషి మాట్లాడితే ఏకపాత్ర కాదు. ఆ రెండో మనిషి న్యాయనిర్ణేత కావడం గురించి పుస్తకంలో ఏమీ లేదు గాని, అదీ మంచిది కాదని తేల్చారు. కౌముది ప్రదర్శన పోటీకి అనర్హమన్నారు. మొదటి బహుమతి ఏడోసారి బసవేశ్వరరావుకే వెళ్లింది.

"న్యాయమేనండి," అంది కౌముది.

కోటేశ్వరరావుకు మాత్రం మనసు ఒప్పలేదు. బీరువాలో మిగిలిపోయిన 'ఉత్తమ సహాయ నటుడు' షీల్డు ఒకటి తెచ్చి వేంకటసుబ్రహ్మణ్యం గారి చేతిలో పెట్టబోయాడు.

"నేను నటించలేదయ్యా," అన్నారాయన.

"అదేనండి మాస్టారూ, అసలు నటిస్తున్నట్టే లేదు!"

షీల్డు తీసుకోకుండానే ఆయన కారెక్కారు. కౌముది పక్కన కూర్చుంది. కారు భట్టిప్రోలు చేరింది.

"ఆ వేళ అరుగు మీద ఎవరెవరున్నారో నాకు బాగా జ్ఞాపకం," అన్నారు చివరికి. "రేపు ఒక్కొక్కరింటికీ వెళ్లి చెప్పొస్తాను."

"ఎవరున్నారు తాతయ్యా?"

ఆయన వేళ్ల మీద లెక్కపెట్టారు. పోస్టుమాస్టరు పోయాడు. డ్రాయింగు మాస్టారు పోయాడు. మందుల కొట్టాయన కరోనాలో పోయాడు. నాలుగో వేలు కూడా ముడిచేశారు.

"ఒక్కరూ లేరు," అన్నారు. "రంగమ్మా లేదు. మీ అమ్మమ్మా వినకుండానే పోయింది."

కౌముది కిటికీలోంచి పొలాలు చూసింది. "నాకు కోపం పోలేదు తాతయ్యా."

"పోకూడదు. ఉండనీ."

వేమూరు దగ్గర ఆయన తల నిద్రలో పక్కకు వాలింది. కౌముది కాస్త జరిగి భుజం ఆనించింది.

మర్నాడు పొద్దున్నే వేంకటసుబ్రహ్మణ్యం గారు ఇస్త్రీ పంచె కట్టుకుని అరుగు మీద కుర్చీ వేయించుకుని, చెప్పడానికి మనిషి కోసం కూర్చున్నారు. పేపరతను సైకిలు ఆపకుండానే పేపరు విసిరి పోయాడు. పాలతను ఫోన్లో మాట్లాడుకుంటూ ప్యాకెట్లు పెట్టి పోయాడు. తొమ్మిదింటికి గ్యాసతను సిలిండరు భుజాన వేసుకుని మెట్లెక్కాడు. అప్పుడే కౌముది దుకాణానికి బయల్దేరుతోంది.

"ఒక్క నిమిషం ఆగవయ్యా," అని వేంకటసుబ్రహ్మణ్యం గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. కౌముది భుజం మీద చెయ్యి వేశారు. గొంతు సవరించుకున్నారు. "ఈ అమ్మాయి నా మనవరాలు."

గ్యాసతను సిలిండరు దించి, తువ్వాలుతో మెడ తుడుచుకుని, ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఊరందరికీ తెలిసిందే కదండీ మాస్టారూ. ఓటీపీ చెప్పండి."